ఎల్లుండి పొద్దుగాల చాలు

ఆ రోజుల్లో నాకు తెలుగు వచ్చుననే నమ్మకం ఉండేది. ఇప్పుడు లేదు. నెత్తి మీది జుట్టులాగా అది ఎప్పుడు పోయిందో తెలియకుండా పోలేదు. ఒకానొక ఆదివారం మధ్యాహ్నం, అశోక్‌నగర్‌లో ఒక మేడ మీది గదిలో, ఒక ముసలి ఫ్రిజ్ ఎదురుగా నేను చేతులు కట్టుకుని నిలబడి ఉండగా, ముగ్గురు మనుషుల సాక్షిగా పోయింది. అప్పటికి రాష్ట్రం ఇంకా ఒకటిగానే ఉంది. నాకు ఇరవై ఆరేళ్లు. తెలుగులో ఎం.ఏ. చేసి, గోదావరి జిల్లా నుంచి హైదరాబాదు వచ్చి ఏడాది నిండింది. నారాయణగూడలో ఒక చిన్న ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ని. స్కూలు గైడ్లు, పెళ్లి కార్డులు, సొంత డబ్బు పెట్టి అచ్చు వేయించుకునే వాళ్ల జీవిత చరిత్రలు మా దగ్గర అచ్చయ్యేవి. నా చొక్కా జేబులో ఎప్పుడూ ఒక ఎర్ర పెన్ను, జేబు అడుగున ఒక ఎర్ర మరక ఉండేవి. ఆ రెంటినీ చూసుకుని మురిసిపోయేవాణ్ని.

గది నుంచి ప్రెస్సుకి నడక ఇరవై నిమిషాలు. నాకు నలభై పట్టేది. దారిలో ఉన్న ప్రతి బోర్డూ చదివి, తప్పులు ఏరి, వీలైతే లోపలికి వెళ్లి చెప్పి మరీ వచ్చేవాణ్ని. (ఎవరూ అడగలేదు. అడగకపోయినా చెప్పడమే సేవ అనుకునేవాణ్ని.) చిక్కడపల్లి మలుపులో ఒక టిఫిన్ బండి మీద 'ఇడ్లి' అని ఉండేది. దీర్ఘం ఉండాలని బండాయనకి నాలుగు రోజులు వరసగా చెప్పాను. అయిదో రోజు ఆయన గరిట పక్కన పెట్టి, "సార్, దీర్ఘం లేకపోతె ఇడ్లి గిట్ల చిన్నగైతదా?" అని అడిగాడు. కాదన్నాను. "మరి తిను" అన్నాడు. ఆ తర్వాత ఆయన నాకు చట్నీ రెండోసారి వేయడం మానేశాడు.

ప్రెస్సులో నేను దిద్దిన ప్రూఫుల్ని కంప్యూటర్లో సరిచేసేది కంపోజింగ్ అమ్మాయి. చిక్కడపల్లి వాళ్లే, తాతగారి కాలం నుంచి అక్కడే ఉంటున్నారు. మొదటి మూడు నెలలూ మేమిద్దరం కాగితాల అంచుల్లోనే మాట్లాడుకున్నాం. నేను ఎర్ర పెన్నుతో 'శ్రద్ధ!' అని రాసి పంపేవాణ్ని. ఆమె పక్కనే పెన్సిల్‌తో 'చూసిన' అని రాసి తిప్పి పంపేది. నేను ఆ 'చూసిన'ని కొట్టేసి 'చూశాను' అని దిద్ది మళ్లీ పంపేవాణ్ని. ఇలాంటివాణ్ని ఆమె ఎలా చేసుకుందని మా రెండు వైపుల చుట్టాలూ ఇప్పటికీ అడుగుతారు. నాకు తెలిసిందల్లా ఇది. ఏదో ఒక వారం ఆమె 'చూశాను' అని రాసింది. అదే వారం నేను 'చూసిన'ని కొట్టేయడం మానేశాను. తర్వాత సాయంత్రం టీకి కలిసి వెళ్లడం మొదలైంది, వర్షాకాలం వచ్చేసరికి పెళ్లి దాకా వచ్చింది. మా ఇంట్లో నీ ఇష్టమన్నారు. వాళ్ల నాన్నగారు మాత్రం, "నాకేం లేదు, బాపమ్మనడుగు" అన్నారట. బాపమ్మ అంటే నాన్నకి అమ్మ. ఆ ఇంట్లో సుప్రీంకోర్టు ఆవిడే.

ఇక్కడ ఒక్క వాక్యం గురించి చెప్పాలి, దానితో మళ్లీ పని పడుతుంది. ఆ ఏడు వరంగల్ వైపు పెద్దాయన ఒకరు తన జీవిత కథ అచ్చుకిచ్చారు. చిన్నప్పుడే ఊరొదిలి వచ్చి, కిరాణా దుకాణం పెట్టి, పైకొచ్చిన మనిషి. మాట్లాడినట్టే రాశారు. అందులో ఒకచోట 'దసరానాడు దుకాణం చాలు చేసిన' అని ఉంది. పాపం, పెద్దాయనకి వాక్యం కుదర్లేదనుకుని, జాలిపడి, 'దసరానాడు దుకాణం చాలించాను' అని దిద్దాను. కంపోజింగ్ అమ్మాయి ఆ కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. "సార్, గిది గట్లనే ఉండాలె." నేను కళ్లజోడు సవరించుకుని, "ఏవండీ, చాలు చేయడం అని తెలుగులో లేదు. చాలించడం ఉంది" అన్నాను. ఆమె నా వైపు చూసింది, కాగితం వైపు చూసింది. "లేదా? సరె, మీ ఇష్టం సార్" అని చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. దగ్గుతోందనుకున్నాను.

అప్పట్లో బంద్‌లు ఎక్కువ. సాయంత్రం ఎవరో ఒకరు 'రేపు బంద్' అనేవారు, అందరం రెండేసి పాల పాకెట్లు కొనుక్కుని ఇళ్లకు పోయేవాళ్లం. అలాంటి ఒక బంద్ రోజున, ప్రూఫులు అర్జెంటన్న వంక పెట్టుకుని, చిక్కడపల్లి లైబ్రరీ వెనక సందులో ఉన్న వాళ్లింటికి నడిచి వెళ్లాను. (ప్రూఫులు అర్జెంటు కాదు. బాపమ్మకి నన్ను చూపించాలని ఆ అమ్మాయే రమ్మంది.) ఇనప గేటు తీసుకుని వరండాలోకి అడుగు పెట్టగానే ఎదురుగా ఫ్రిజ్ కనిపించింది. ఇప్పటివాటిలా నాలుగు పలకలది కాదు. భుజాలు గుండ్రంగా, పొట్ట కొంచెం ముందుకి, పాతకాలం కారు తలుపుకి ఉండేలాంటి లావుపాటి పిడి. ఒకప్పుడు మీగడ రంగులో ఉండేదట, అప్పటికి గోధుమరంగు మచ్చలు తేలి ఉంది. బాపమ్మ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఆ పిడి రెండు చేతులతో లాగి, లోపల్నుంచి సకినాల డబ్బా తీసింది. నాఫ్తలిన్ వాసన గుప్పున వచ్చింది. పై అరలో గంజి పెట్టిన చీరలు, కింద అప్పడాలు, ఐస్ గడ్డకట్టే చోట ఇంటి కాగితాలు, తలుపుకి ఉన్న గుడ్ల గుంటల్లో తాళంచెవులూ దారపు రీళ్లూ బొత్తాలూ.

"మా ఆయన దెచ్చిండు బిడ్డా" అంది బాపమ్మ, నేను అటే చూస్తుంటే. "గీ గల్లిల మొట్టమొదటి ఫ్రిజ్ మాదే. ఎండకాలం అచ్చిందంటె ఇంటింటికెల్లి గిన్నెలు వట్టుకోని ఐస్ కోసం అచ్చేటోళ్లు. ఆయన వోయినేడు గిది సుత ఆగింది. ఎంతమందికి జూపిచ్చినా కాలే." అప్పుడు నేను నోరు మూసుకుని సకినాలు తినొచ్చు. అవి చాలా బాగున్నాయి కూడా. కానీ గడప దగ్గర ఆ అమ్మాయి నిలబడి వింటోంది. "ఇదెంత పని మామ్మగారూ! మా తాతగారింట్లో అచ్చం ఇలాంటిదే ఉండేది. నేనే దగ్గరుండి బాగు చేయించాను" అన్నాను. మా తాతగారింట్లో ఉన్నది మట్టికుండ. దానికి నేను చేసిన బాగేమిటంటే, ఎనిమిదేళ్లప్పుడు బంతి తగిలించి పగలగొట్టడం.

బాపమ్మ తాడు కట్టిన కళ్లజోడు ముక్కు మీదికి దించుకుని నన్ను పరీక్షగా చూసింది. "మాటలైతె మంచిగ మాట్లాడుతున్నవ్. పనైతదా నీతోని?" అవుతుందండీ అన్నాను. "అయితె గిది సల్లవడ్డనాడు పిల్లనిస్త, పో" అని నవ్వింది. వాళ్ల నాన్నగారు నవ్వారు. నేను కూడా నవ్వాను. గేటు దాకా సాగనంపడానికి వచ్చినప్పుడు ఆ అమ్మాయి మెల్లిగా చెప్పింది: "నవ్వుకుంట అన్నదని నవ్వకున్రి. బాపమ్మ నవ్వుకుంటనే అన్ని ఖాయం చేస్తది." ఆ మాటతో నా నడక మారిపోయింది. ఇంటికి వెళ్తూ ఒక్క బోర్డు కూడా దిద్దలేదు.

నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గరి సందులో ఒక మెకానిక్ ఉండేవాడు. ఫ్రిజ్‌లకి గ్యాస్ ఎక్కించడంలో పేరు, అందుకని అందరూ గ్యాసన్న అనేవాళ్లు. ట్రాలీ ఆటోలో వచ్చిన మా ఫ్రిజ్ చుట్టూ రెండుసార్లు తిరిగి, స్పానర్‌తో వీపు మీద తట్టి, చెవి ఆనించి విని, "అబ్బ, ఏం బండి ఉన్నది సార్! లోపలంత రాగి పైపులు. మోటర్ సుత బతికే ఉన్నది. అయితది, జర టైం వడ్తది" అన్నాడు. ఆ జర ఆరువారాలైంది. తలుపు చుట్టూ ఉండే రబ్బరు ఎండి పెళుసెక్కిపోయింది. ఆ కొలత రబ్బరు ఇప్పుడు చేయడం లేదట. కొలత తీసిన దారం జేబులో పెట్టుకుని (ఎర్ర పెన్ను పక్కనే) కోఠి పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగాను. దొరికిన రబ్బరు జానెడు తక్కువైతే గ్యాసన్న ముక్క అతికాడు. పిడికి నికెల్ పూత పెట్టించాం. రంగు దగ్గర నా భాష నాకు అడ్డం వచ్చింది. ముచ్చటగా ఒక చీటీ మీద 'మీగడ వర్ణము' అని రాసి రంగుల దుకాణంలో ఇచ్చాను. అతను చీటీని తిరగేసి, మరగేసి, "మీగడ అంటె ఏంది సార్?" అన్నాడు. పాలు కాచాక పైన కట్టేదని వివరించాను. "మలాయా! గట్ల చెప్పొచ్చు గద, పరేషాన్ జేసిన్రు" అని డబ్బా తీసిచ్చాడు.

సాయంత్రాలు ప్రెస్సు నుంచి నేరుగా గ్యాసన్న దుకాణానికి వెళ్లి, స్టూలు మీద కూర్చుని, ఆయన పని చేస్తుంటే చూసేవాణ్ని. చూసి ఊరుకోలేదు. ఆయన బోర్డు మీద 'ఫ్రీజ్ రిపేరి' అని ఉంటే బ్రష్ తెచ్చి స్వయంగా దిద్దాను. వారం తర్వాత గ్యాసన్న చాలా మర్యాదగా చెప్పాడు: "సార్, బోర్డు సక్కగయినంక గిరాకి తగ్గింది. ఎనుకట తప్పున్నదని చెప్పనీకన్న మనుషులు లోపలికొచ్చేటోళ్లు." నేను దాన్ని మెచ్చుకోలు కింద తీసుకున్నాను.

బాపమ్మ ముహూర్తం పెట్టేసింది. ఆదివారం మధ్యాహ్నం కొడుకునీ మనవరాలినీ వెంటబెట్టుకుని నా గదికి వస్తుంది, పిల్లవాడు ఉండే చోటు చూస్తుంది, అక్కడే ఫ్రిజ్ కూడా చూస్తుంది. కాబట్టి శుక్రవారం నాటికి ఫ్రిజ్‌ని నా గదికి చేర్చమని గ్యాసన్నకి చెప్పి, తాళంచెవి కింద ఇంటివాళ్లకి ఇచ్చి ప్రెస్సుకి వెళ్లాను. నాలుగింటికి ఫోన్ మోగింది. నేను మెషిన్ గదిలో ఉన్నాను. అచ్చు యంత్రం దడదడలాడుతోంది. గ్యాసన్న ఏదో చాలాసేపు చెప్పాడు. అందులో మొదటి ముప్పాతిక ఆ చప్పుడులో కలిసిపోయింది. చివరి రెండు ముక్కలూ మాత్రం స్పష్టంగా వినిపించాయి: "రేపు బంద్ సార్. ఎల్లుండి పొద్దుగాల చాలు." ఫోన్ పెట్టేశాడు.

మళ్లీ ఫోన్ చేసి ఏమన్నావని అడగొచ్చు. నేను అడగలేదు. అర్థం కాలేదని అడగడం ప్రూఫ్ రీడరుకి నామర్దా అనుకునే రకాన్ని. అయినా అందులో అర్థం కానిదేముంది? రేపు ఊళ్లో బంద్, కాబట్టి ఆయన రాలేడు. మిగిలిన పనికి ఎల్లుండి పొద్దున్న వస్తే చాలు. ఆదివారం వాళ్లొచ్చేది మధ్యాహ్నానికి కదా. వాక్యం కుదురుగా ఉంది, కామా కూడా అక్కర్లేదు. వెంటనే బయటికి వచ్చి, చేతులు పైకెత్తి, "రేపు బంద్ అటండీ!" అని ప్రకటించాను. ప్రెస్సులో ఇంకెవరన్నా ఆ మాట అని ఉంటే టీవీ చూసి రూఢి చేసుకునేవాళ్లు. నేను అచ్చుతప్పు మాట్లాడనని పేరు. మా ప్రెస్ యజమాని, పెద్దసారు అనేవాళ్లం, వెంటనే శనివారం సెలవిచ్చేశారు. ఆ శనివారమే వరంగల్ పెద్దాయన పుస్తకం మెషిన్ ఎక్కాలి. సోమవారానికి వాయిదా వేశారు.

గదికి వెళ్లి చూస్తే ఫ్రిజ్ మెరిసిపోతూ నిలబడి ఉంది. ప్లగ్గు వైరుని చుట్టగా చుట్టి, దారంతో గట్టిగా కట్టి పెట్టాడు గ్యాసన్న. నేను ముట్టుకోకూడదని కట్టాడని వెంటనే గ్రహించాను. (నా గ్రహింపులన్నీ వెంటనే జరిగేవి.) రేపు దుకాణాలుండవు కదా అని కూరగాయలూ పాలూ పెరుగూ శుక్రవారం సాయంత్రమే కొని తెచ్చి, నడవకపోయినా ఆ ఫ్రిజ్‌లోనే సర్దాను. ఇంటివాళ్లకీ పక్కవాళ్లకీ బంద్ సంగతి చెప్పాను. వాళ్లూ కొనుక్కున్నారు.

శనివారం పొద్దున్న మేడ మీంచి చూస్తే వీధిలో బస్సులు తిరుగుతున్నాయి. కోచింగ్ సెంటర్ల పిల్లలు పుస్తకాలు చంకన పెట్టుకుని గుంపులుగా వెళ్తున్నారు. చిక్కడపల్లి కూరగాయల మార్కెట్లో రద్దీ మామూలే. బంద్ విఫలమైందనుకున్నాను. కాస్త నిరాశ కూడా పడ్డాను, ప్రజల్లో క్రమశిక్షణ లేదని. టిఫిన్ బండాయన, "ఏంది సార్, ఇయాల ప్రెస్ లేదా?" అంటే, "బంద్ కదండీ" అన్నాను. ఆయన నా చుట్టూ ఒకసారి చూసి, జాలిపడి చట్నీ రెండోసారి వేశాడు. ఇంటి ఓనరుగారి భార్య నాలుగు లీటర్ల పాలు ముందు పెట్టుకుని కోవా కలుపుతూ, నన్ను చూసి గరిట గిన్నెకేసి కొట్టింది. అప్పుడైనా నాకు అనుమానం రావాలి. రాలేదు.

ఆదివారం ఏడింటి నుంచి గ్యాసన్న కోసం మెట్ల దగ్గర నిలబడ్డాను. తొమ్మిదయింది, పదయింది. ఫోన్ చేస్తే మోగుతోంది గానీ ఎత్తడు. (సెలవు కదా, అక్కగారి ఊరికి పోయి ఫోన్ సంచిలో పడేశాడని తర్వాత తెలిసింది.) పన్నెండింటికి కింద ఆటో ఆగింది. బాపమ్మ రెండంతస్తులూ గోడ పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కి వచ్చింది. ఆవిడ చేతిలో ఒక చిన్న స్టీలు గిన్నె ఉంది, దాని మీద మూత. గిన్నె ఎందుకో నాకు అప్పుడు తట్టలేదు. లోపలికి రాగానే ఆవిడ గది చూడలేదు, నా పుస్తకాలు చూడలేదు, నేను ఇస్త్రీ చేసుకున్న చొక్కా చూడలేదు. ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి ఆ గుండ్రటి భుజం మీద చెయ్యి వేసింది. పిడి లాగి, తలుపు తీసి, లోపలికి చెయ్యి పెట్టింది. శుక్రవారం నాటి పెరుగు పులుపు బయటికి కొట్టింది.

"సల్లగ లేదే?" అంది. ఆరు వారాల తిరుగుడూ, ఆ అమ్మాయీ, నా బతుకూ అన్నీ ఆ అర మీద పెట్టి ఉన్నాయి. మెకానిక్ ఇంకా రాలేదండీ, పొద్దున్నే వస్తానన్నాడు అన్నాను. "ఏమన్నడు, సరిగ్గ జెప్పు" అంది. సరిగ్గా చెప్పడం నా వృత్తి కదా, పొల్లు పోకుండా చెప్పాను: "రేపు బంద్ సార్, ఎల్లుండి పొద్దుగాల చాలు అన్నాడండీ. నిన్న బంద్ కాబట్టి రాలేదు. ఇవాళ పొద్దున్న వస్తే చాలు కదా." ముగ్గురూ నన్నే చూశారు. వాళ్ల నాన్నగారు మెల్లిగా, "నిన్న బంద్ ఎక్కడిది బాబూ?" అన్నారు.

బాపమ్మ వంగి, ప్లగ్గు దారం పంటితో కొరికి తెంపి, గోడకి గుచ్చి, స్విచ్ వేసింది. ఫ్రిజ్ ఒకసారి ఒళ్లు జలదరించి, గుర్‌ర్ మని, సన్నని రొదలోకి సర్దుకుంది. "చాలు అంటె చాలు" అంది ఆవిడ నా వైపు తిరిగి, స్విచ్ మీద వేలు పెట్టి చూపిస్తూ. కంపోజింగ్ అమ్మాయి అప్పటికే గోడకి ఆనుకుని, కళ్లల్లో నీళ్లు తిరిగేలా నవ్వుతోంది. "సార్, బంద్ అంటె ఫ్రిజ్ బంద్. పండవెట్టి తెచ్చి ఉంటడు, లోపలి ఆయిల్ కిందికి దిగేదాక ఒకరోజు బంద్ ఉంచుమన్నడు. ఎల్లుండి పొద్దుగాల చాలు అంటె, ఎల్లుండి నడిపియ్యున్రి అని. చాలు జేసుడంటె మొదలువెట్టుడు సార్!"

నేను అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడ్డాను. మొదట ఫ్రిజ్ గుర్తు రాలేదు, వరంగల్ పెద్దాయన గుర్తొచ్చాడు. దసరానాడు దుకాణం చాలు చేసిన మనిషి. నా ఎర్ర పెన్ను పుణ్యమా అని, ఆ మహానుభావుడు దుకాణం తెరవకముందే మూసేసి, మూసేసిన దుకాణంలో తర్వాతి నలభై పేజీల పాటు బెల్లం అమ్మబోతున్నాడు. "దుకాణం!" అని గావుకేక పెట్టాను. ఆమెకి ఒక్కదానికే అర్థమైంది. "ఇంక మెషిన్ ఎక్కలే సార్. శనివారం ఎక్కుతుండె. మీరే గద బంద్ వెట్టిచ్చిన్రు" అంది. "మరి ఆ రోజు చెప్పలేదేమండీ?" అన్నాను. "చెప్పిన. తెలుగుల లేదన్నరు" అంది. అది నవ్వుతూ అనలేదు.

బాపమ్మ కుర్చీ లాక్కుని ఫ్రిజ్ పక్కనే కూర్చుంది. తను తెచ్చిన గిన్నె మూత తీసింది. లోపల మంచినీళ్లు. వాటిని ఐస్ అరలో పెట్టి తలుపేసింది. అప్పుడర్థమైంది నాకు గిన్నె ఎందుకో. ఒకప్పుడు గల్లీ అంతా గిన్నెలు పట్టుకుని ఆవిడ గుమ్మం ముందు నిలబడితే, ఇవాళ ఆవిడ గిన్నె పట్టుకుని నా గుమ్మానికి వచ్చింది. "బిడ్డా" అంది. "మా మాట తెల్వకుంటె తప్పు లేదు. నాకు మీ మాట తెలుసునా? గని, ఫోన్ల సగమే ఇనవడ్డది గద, ఏందన్నవన్నా, మల్లొకసారి జెప్పు, అంటె ఏంబోయేది? రేపు మా పిల్ల ఒకటంటది, నువ్వొకటనుకుంటవ్. అడగవ్. అంత తెలిసినట్టె ఉంటవ్. మరెట్ల?"

ఏదో ఒకటి చెప్పి ఒప్పించగలనని అలవాటుగా నోరు లేచింది గానీ, ఆ అమ్మాయి ముఖం చూశాను. ఆమె నా జవాబు కోసం బాపమ్మ కన్నా ఎక్కువ ఎదురు చూస్తోంది. నాకు భయమేసింది. ఆమె దక్కకుండా పోతుందేమోనని నిజంగా భయమేసింది. "నాకు తెలియదండీ" అన్నాను. "ఏం దెల్వదు?" అంది బాపమ్మ. "చాలు అంటే మీ దగ్గర మొదలుపెట్టడమని తెలియదు. తెలియదని చెప్పడం కూడా తెలియదు. మా తాతగారింట్లో ఫ్రిజ్ కూడా లేదండీ. కుండ ఉండేది." వాళ్ల నాన్నగారు కిటికీలోంచి బయటికి చూశారు, భుజాలు కదులుతున్నాయి. బాపమ్మ మాత్రం "ఊఁ" అని, ఫ్రిజ్ వైపు తిరిగి కళ్లు మూసుకుంది. ఆ రొద వింటోందని కాసేపటికి గాని నాకు తెలియలేదు. "గిదే సప్పుడు" అంది, తనలో తను. "అచ్చం గిదే సప్పుడు."

భోజనాలు చేశాం. పెరుగు పులిసిందని మజ్జిగ పులుసు పెట్టింది కంపోజింగ్ అమ్మాయి. బాపమ్మ గోడకి ఆనుకుని చిన్న కునుకు తీసింది. సాయంత్రం టీలయ్యాక లేచి, తలుపు తీసి, గిన్నె బయట పెట్టింది. నీళ్ల మీద సన్నగా, అద్దం ముక్కలా ఐస్ కట్టి ఉంది. చూపుడు వేలితో దాన్ని తట్టింది. టక్కుమంది. చిన్న ముక్క విరిచి నోట్లో వేసుకుని, గిన్నె నా చేతిలో పెట్టి, "ఇగ చాలు" అంది.

నేను గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఇంక చాలు బాబూ, ఈ సంబంధం ఇక్కడితో సరి అనా? లేక మొదలు పెట్టుకోండనా? అంతకు ముందు రోజైతే నాకు నచ్చిన అర్థం ఏరుకుని, దాని చుట్టూ ఇంకో బంద్ ప్రకటించేవాణ్ని. చేతిలో ఐస్ చల్లగా కరుగుతోంది. "మామ్మగారూ, మీరన్నది ఏ చాలండీ?" అని అడిగాను. ఆవిడ పకపకా నవ్వింది, పన్ను లేని చోటు కనిపించేలా. "అడుగుడు చాలు జేసినవ్ గద" అంది. "ఇగ చాలు."

సోమవారం అందరికన్నా ముందు ప్రెస్సుకి వెళ్లాను. 'చాలించాను' కొట్టేసి, పెద్దాయన రాసినట్టే 'చాలు చేసిన' అని దిద్ది, అంచులో ఎర్ర పెన్నుతో 'నాది తప్పు' అని రాసి పంపాను. కాగితం తిరిగొచ్చింది, పక్కన పెన్సిల్‌తో 'చూసిన' అని. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. శనివారం పనంతా ఆగిపోయిందని పెద్దసారు నన్ను తిట్టిన తిట్లు కూడా గుర్తున్నాయి. అవి మాత్రం ఏ యాసలోనైనా ఒక్కలాగే ఉంటాయి.

ఫ్రిజ్‌ని మా పెళ్లిలో బాపమ్మే మాకు ఇచ్చేసింది. తొమ్మిది ఎండాకాలాలు పని చేసింది. బాపమ్మ పోయాక ఇంకో రెండేళ్లకు ఒకరోజు రొద ఆపేసింది. గ్యాసన్న వచ్చి, వీపు తట్టి, చెవి ఆనించి, ఈసారి తల అడ్డంగా ఊపాడు. పారేయబుద్ధి కాలేదు. ఇప్పుడది మా హాల్లో ఉంది. పై అరలో నా పాత ప్రూఫులు, కింద మా ఆవిడ పట్టు చీరలు, గుడ్ల గుంటల్లో తాళంచెవులు. అప్పుడప్పుడు దాని తలుపు తీసి నాఫ్తలిన్ వాసన పీలుస్తుంటే ఆ ఇరవై ఆరేళ్ల వాడు గుర్తొస్తాడు. జేబులో ఎర్ర మరకతో, చిక్కడపల్లి బోర్డులన్నీ దిద్దుకుంటూ, ఒక్కటీ తెలియకుండా, అన్నీ తెలిసినట్టు నడిచిపోతూ ఉంటాడు. ఎదురెళ్లి ఆపి, బాబూ, కాస్త అడిగి తెలుసుకో అని చెప్పాలనిపిస్తుంది. వాడు వినడు, నా వాక్యంలో తప్పేదో చెప్పి వెళ్లిపోతాడు. వాడి మీద కోపం రాదు గానీ, ఆ బండాయన రెండోసారి వేసిన చట్నీ ఒకటే వాడికి దక్కిందే అని జాలేస్తుంది. ఇది రాస్తూ కూర్చుంటే లోపల్నుంచి మా ఆవిడ "ఇగ చాలు" అని కేకేసింది. రాయడం ఆపమంటోందో, అన్నానికి కూర్చోమంటోందో, మిక్సీ వేయమంటోందో తెలియలేదు. లేచి వెళ్తున్నాను, అడగడానికి.